పెద్దావిడ ఎడమ చెయ్యి

నవంబరు 2, ఆదివారం

అమ్మమ్మ ఎడమ మణికట్టుకి పట్టీ కట్టించుకుని వచ్చింది. బరువులు ఎత్తకూడదని డాక్టరు చెప్పాడట.

"బరువులంటే ఏవేవి?" అని అమ్మ అడిగింది.

"బిందెలు, బస్తాలు, పెద్దావిడ" అంది అమ్మమ్మ.

మొదటి రెండూ డాక్టరు చెప్పినవి. మూడోది తనే కలుపుకుంది. ఆ మాట అనేసి, కంచంలో ఉన్నదంతా గబగబా తినేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయింది. అమ్మా, నాన్నా, నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం.

ఇంట్లో రోజూ కనిపించే వస్తువొకటి తీసుకుని, దాన్ని ఎన్నడూ చూడని మనిషికి చూపిస్తున్నట్టు రాయమని మా లెక్చరర్ చెప్పారు. వేరే ఏం దొరుకుతుంది, పెద్దావిడ గురించే రాస్తాను.

పెద్దావిడ మా కుట్టు షాపులో బట్టలు కత్తిరించే కత్తెర. నా మోచెయ్యంత పొడుగు ఉంటుంది. పిడి నలుపు, కానీ బొటనవేలు ఆనే చోట రంగు పోయి వెండిలా మెరుస్తుంది. తెరిస్తే నిట్టూరుస్తుంది, మూస్తే పళ్ళు కొరుకుతుంది. అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ కమ్మరి ఎదురుగా నిలబడి, తన చేతికి తగ్గట్టు చేయించుకుందట. ఆవిడ నుంచి తాతమ్మకి, తాతమ్మ నుంచి అమ్మమ్మకి వచ్చింది. షాపులో గోడ మీద ఆ మొదటావిడ ఫోటో ఉంది. కుర్చీలో నిటారుగా కూర్చుని, కత్తెరని బిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో పట్టుకుని ఉంటుంది.

పెద్దావిడకి కొన్ని పట్టింపులున్నాయి. కాగితం ముట్టదు. ఎవరింటికీ అరువు వెళ్ళదు. తనున్న షాపులోకి ఇంకో బట్టల కత్తెర అడుగు పెట్టకూడదు. దారాలు తెంపే చిన్న కత్తెర మాత్రం పర్వాలేదు. "అది పసిది" అంటుంది అమ్మమ్మ. అన్నిటికంటే ముఖ్యం, పెద్దావిడని ఎడమ చేత్తోనే పట్టుకోవాలి.

షాపుకి వచ్చేవాళ్ళలో కొందరు అమ్మమ్మని కూడా పెద్దావిడ అనే పిలుస్తారు. "పెద్దావిడ ఉన్నారా?" అని ఎవరైనా అడిగితే నాన్న "ఏ పెద్దావిడండీ? పదునుగా ఉండేదా, ఇంకా పదునుగా ఉండేదా?" అంటాడు. నాన్న బస్సు డ్రైవరు. రోజంతా హారన్ తప్ప ఇంకేం మాట్లాడే వీలుండదు కాబట్టి ఇంటికొచ్చి ఆ కరువు తీర్చుకుంటాడు.

రాత్రి గిన్నెలు సర్దుతుండగా అమ్మమ్మ అసలు సంగతి చెప్పింది. "ఈ నెలాఖరు ఆదివారం పెద్దావిడని ఇచ్చేస్తాను."

ఇవ్వడానికో పద్ధతుంది. పుచ్చుకునే మనిషి, ఇచ్చే మనిషి ఒంటి కొలతలు తీసి, ఆవిడకి గుండీల చొక్కా ఒకటి పెద్దావిడతోనే కత్తిరించాలి. కుట్టాక తొడిగితే ఎక్కడా విప్పి సరిచెయ్యక్కర్లేకుండా సరిపోవాలి. సరిపోతే పెద్దావిడ ఆ మనిషిది. లేకపోతే మళ్ళీ కత్తిరించాలి. ఎవరి వల్లా కాకపోతే షాపులో కొత్త బట్టలు ఉండవు. చిరుగులు, గుండీలు, జిప్పులు మిగులుతాయి.

ఇది చెప్తూ అమ్మమ్మ చూసింది అమ్మ వైపు కాదు, నా వైపు. అమ్మ ఏమీ అనుకోలేదు. నవ్వి, "దీని చేతికిస్తే ముందు నిఘంటువు తెచ్చి కత్తెర అంటే ఏమిటో వెతుక్కుంటుంది" అంది.

నాకు కత్తెర అక్కర్లేదు. నేను సాహిత్యం చదువుకుంటున్నాను.

నవంబరు 3, సోమవారం

నిన్న చివరి వాక్యం తొందరలో రాశాను, దస్తూరీ బాగా రాలేదు. మళ్ళీ రాస్తున్నాను. నాకు కత్తెర అక్కర్లేదు.

నవంబరు 5, బుధవారం

మొదటి పాఠం. పాత దుప్పటి మీద సుద్దతో గీత గీసి, దాని వెంట కత్తిరించమంది అమ్మమ్మ. పెద్దావిడని ఎడమ చేతిలోకి తీసుకోగానే మణికట్టు వంగిపోయింది. గీత ఒకదారి, నేనొకదారి.

"ఏమే, గీత మీద నీకేమైనా కోపమా?" అంది అమ్మమ్మ.

"అమ్మమ్మా, ఎడమ చెయ్యే ఎందుకు?"

"ఎందుకేమిటి? మనం కుట్టేది ఎవరి బట్టలు?"

"ఆడవాళ్ళవి."

"ఆడవాళ్ళ చొక్కాకి గుండీలు ఎటువైపుంటాయి?"

"ఎడమ వైపు."

"మగవాళ్ళకి?"

"కుడి వైపు."

"మరింకేం? కత్తిరింపూ అంతే. ఎదురు షాపు మాస్టారు ఏ చేత్తో కత్తిరిస్తాడో చూడు."

చూశాను. ఎదురు షాపు మాస్టారు మగవాళ్ళ ప్యాంట్లు కుడతాడు. కుడి చేత్తోనే కత్తిరిస్తున్నాడు. పుట్టినప్పటి నుంచీ అటూ ఇటూ చూస్తూనే ఉన్నాను, ఇంత పొందికగా ఉంటుందని గమనించలేదు.

అమ్మ మిషను దగ్గర కూర్చుని కాజాలు కుడుతోంది. మా అమ్మ కాజాల కోసం మూడు వీధుల అవతల నుంచి వస్తారు. కానీ కత్తిరించడం మాత్రం అమ్మకి రాదు. నా వయసులో ఉన్నప్పుడు నేర్చుకోబోయి, హెడ్మిస్ట్రెస్ గారి ఆకుపచ్చ పట్టు పాడుచేసిందట. ఒక చెయ్యి ఆవిడకి, రెండో చెయ్యి ఆవిడ మనవరాలి బొమ్మకి సరిపోయేలా కత్తిరించిందట. ఈ కథ మా ఇంట్లో ఎవరొచ్చినా చెప్తారు. చెప్పేది అమ్మమ్మ, అభినయించేది నాన్న. అందరికంటే ముందు నవ్వేది అమ్మ.

ఈ రోజు మాట: పీలిక. కత్తిరించాక మిగిలిన సన్నని గుడ్డముక్క. నేను ఈ రోజు కత్తిరించినవన్నీ పీలికలే. గుడ్డేదీ మిగల్లేదు.

నవంబరు 8, శనివారం

అన్నీ ఎడమ చేత్తో చెయ్యమంది అమ్మమ్మ. పళ్ళు తోముకున్నాను, తల దువ్వుకున్నాను. కాలేజీకి వెళ్తుంటే నాన్న గుమ్మం దగ్గర నా పాపిట చూసి, "ఇంత మలుపు మా రూట్లో కూడా లేదే" అన్నాడు.

ఎడమ చేత్తో ఒక వాక్యం రాయడానికి ప్రయత్నించాను. దాన్ని ఇక్కడ అంటించడం లేదు. డైరీకైనా పరువుంటుంది.

నవంబరు 9, ఆదివారం

చంక ఒంపు. చంక ఒంపు. చంక ఒంపు. రాయడానికి ఎంత అందంగా ఉంది, కత్తిరించడానికి ఎంత దుర్మార్గంగా ఉంది!

నవంబరు 12, బుధవారం

వచ్చింది!

బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత తప్పకుండా కత్తిరించాను. మధ్యలో ఒక్కసారి ఆగాను కానీ అది తుమ్మడానికి. అమ్మమ్మ ఆ ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసి, "ఊఁ" అంది. అమ్మమ్మ 'ఊఁ' అంటే వేరేవాళ్ళు చప్పట్లు కొట్టినట్టు.

అదే సమయానికి పోస్టాఫీసావిడ వచ్చింది. ఆవిడ పోస్టాఫీసులో స్టాంపులమ్మే కిటికీ దగ్గర కూర్చుంటుంది. శీతాకాలం కోటుకని గుడ్డ ఇచ్చి మూడు వారాలైంది. అమ్మమ్మ చేతికి పట్టీ పడ్డప్పటి నుంచీ ఆ గుడ్డ అలమారలో మడత పెట్టినట్టే ఉంది.

"నా కోటు ఎంతవరకు వచ్చింది?"

"కత్తిరింపు దగ్గరుందండీ" అంది అమ్మ.

"పోయిన వారమూ అదే మాటన్నారు."

"పోయిన వారం కత్తిరింపుకి దూరంలో ఉంది. ఇప్పుడు దగ్గరికొచ్చింది."

ఆవిడకి నవ్వొచ్చింది. కానీ నవ్వుతూనే, నెలాఖరుకి కోటు ఇవ్వకపోతే గుడ్డ పట్టుకుపోతానంది. ఆవిడ వెనకాల అలమారలో ఇంకా చాలా మడతలున్నాయి. అమ్మమ్మ వాటిని చూసి నన్ను చూసింది.

నాకు కత్తెర అక్కర్లేదు. కానీ ఇస్తే మొహం మీద వద్దనడం మర్యాద కాదు.

నవంబరు 14, శుక్రవారం

కాలేజీలో పరువు పోయింది. వివరంగా రాస్తేనే గాని నిద్ర పట్టదు.

వచ్చే వారం మా వక్తృత్వ పోటీ. దానికి గుడ్డ బ్యానర్ కావాలి. "మాది కుట్టు షాపు, నేను కత్తిరిస్తాను" అని చెయ్యెత్తాను. గమ్ వాళ్ళింటి నుంచి బట్టల కత్తెర తెచ్చింది. గమ్ నా స్నేహితురాలు. సంచిలో ఎప్పుడూ గమ్ సీసా ఉంటుంది, ఒకసారి పట్టుకుంటే వదలదు, అందుకని ఆ పేరు. వాళ్ళ నాన్న సోఫాలకి గుడ్డ వేస్తాడు.

నేను కత్తెర అందుకుని, ఎడమ చేతికి మార్చుకుని, అందరి వైపు ఒకసారి చూసి మొదలుపెట్టాను. గుడ్డ తెగలేదు. అలుగులంటే కత్తెర రెండు రేకులు. వాటి మధ్య మడత పడి నలిగింది. మళ్ళీ నొక్కాను. నమిలి ఊసినట్టయింది. వెనక ఎవరో "కుట్టు షాపా, ఎలకల షాపా?" అన్నారు.

గమ్ నా చేతిలోంచి కత్తెర లాక్కుని కుడి చేత్తో సర్రున కోసేసింది.

"ఎడమ చేత్తో ఎందుకు పట్టుకున్నావే?"

"ఆడవాళ్ళ బట్టలు ఎడమ చేత్తోనే కత్తిరిస్తారు. మగవాళ్ళవి కుడి చేత్తో. గుండీల్లాగా."

గమ్ చాలా మర్యాదగా అడిగింది.

"బ్యానరు ఆడా, మగా?"

క్లాసంతా బల్లలు చరిచి నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చే దారంతా ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. మా షాపులో దుప్పట్లు కూడా కత్తిరిస్తాం. దుప్పటి ఎవరి కింద లెక్క?

నవంబరు 15, శనివారం

అమ్మమ్మ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు పెద్దావిడని కుడి చేతిలోకి తీసుకున్నాను. పాత దుప్పటి అంచు మీద నొక్కి చూశాను. నలిగింది. నిన్న బ్యానరు నలిగినట్టే.

అప్పుడు పెద్దావిడని తెరిచి నిదానంగా చూశాను. కత్తెర మొన ముందుకి పెట్టి పట్టుకుంటే, గమ్ వాళ్ళ కత్తెరలో పైకి లేచే అలుగు కుడివైపు ఉంటుంది. పెద్దావిడకి ఎడమవైపు. అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంది. ఏ చేతి కోసం చేసిన కత్తెర ఆ చేతిలోనే తెగుతుంది. ఆడవాళ్ళ బట్టలకీ దీనికీ సంబంధం లేదు.

అమ్మమ్మ లేచాక, ఫోటో వైపు చూస్తూ ఏమీ ఎరగనట్టు అడిగాను.

"అమ్మమ్మా, మీ అమ్మమ్మ ఎలా ఉండేది?"

"గట్టి మనిషి. అందరికీ ఒక దారి, ఆవిడకో దారి. గరిటె ఎడమ చేత్తో తిప్పేది, చీపురు ఎడమ చేత్తో పట్టేది, మా చెవులు ఎడమ చేత్తో మెలిపెట్టేది. ఎడమ చెవి ఎక్కువ నొప్పా, కుడి చెవి ఎక్కువ నొప్పా అని మేం పందేలు కాసుకునేవాళ్ళం."

"మరి నువ్వు ఎడమచేతి మనిషివా?"

"నేనా? నాకేం ఖర్మ! నాదంతా కుడి చెయ్యే. కత్తెర ఒక్కటే నేర్చుకున్నాను. రెండేళ్ళు పట్టింది. మా అమ్మకీ అంతే."

ఇంత చెప్పి అమ్మమ్మ మంచినీళ్ళు తాగడానికి లేచింది. ఒక మాటని ఇంకో మాటకి కలిపి చూసుకోలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ కలిపి చూసుకోలేదు. ఆవిడ ఎడమచేతి మనిషి కాబట్టి తన చేతికి తగ్గ కత్తెర చేయించుకుంది. మిగతావాళ్ళు దాన్ని శాస్త్రం చేసి, దానికి గుండీలు కూడా కుట్టారు!

నవ్వాపుకోలేక వెనక గదిలోకి పరిగెత్తాను. అక్కడ అమ్మ కాజాలకి చీలికలు పెడుతోంది. చిన్న దారం కత్తెరతో. కుడి చేత్తో. వెంట్రుక వాసి తేడా లేకుండా.

నవ్వు ఆగిపోయింది.

నవంబరు 16, ఆదివారం

అమ్మకి చెప్పలేదు.

కారణాలున్నాయి. ఒకటి, అమ్మకి ఇప్పటికే పని ఎక్కువ. రెండు, చెప్తే అమ్మమ్మ నొచ్చుకుంటుంది, పైగా చెయ్యి నొప్పి మనిషి. మూడు, నేను పొరబడి ఉండొచ్చు, పెద్దవాళ్ళ విషయాల్లో తొందరపడకూడదు. ఎంత బాగా ఆలోచించానో చూసుకుంటే నాకే ముచ్చటేసింది.

సాయంత్రం మెడ ఒంపు కత్తిరించాను. అమ్మమ్మ రెండుసార్లు "ఊఁ" అంది.

నవంబరు 18, మంగళవారం

చెప్పలేదు. నాకు జలుబు.

నవంబరు 19, బుధవారం

నేను చంక ఒంపు కత్తిరిస్తుంటే అమ్మ బల్ల పక్కన నిలబడి చూస్తోంది.

"ఆ మలుపులో ఆగకు. ఆగితే మెట్టు పడుతుంది. గుడ్డని కత్తెర దగ్గరికి తిప్పు, కత్తెరని గుడ్డ దగ్గరికి కాదు."

అలాగే చేశాను. నీళ్ళలా తెగింది.

"నీకెలా తెలుసమ్మా?"

"ఇన్నేళ్ళ నుంచి చూస్తున్నాగా."

అప్పుడు అమ్మ చెయ్యి కనిపించింది. కొంగుకి ఆనించుకుని, రెండు వేళ్ళు కత్తెరలా తెరుస్తూ మూస్తూ ఉంది. నేను కత్తిరించిన ఒంపునే గాలిలో తనూ కత్తిరిస్తోంది. కుడి చెయ్యి. చూస్తున్నానని తెలియగానే ఆ చెయ్యి వెళ్ళి జుట్టు సర్దుకుంది.

అమ్మకి కత్తిరించడం వచ్చు. అమ్మకి ఎప్పటి నుంచో వచ్చు.

అమ్మకి వస్తే, వరసలో నాకంటే ముందు అమ్మ. పెద్దావిడ అమ్మకి వెళ్తుంది. నాకు రాదు.

ఇదిగో, రాసేశాను. పదహారో తారీకున మూడు కారణాలు రాశాను కదా. ఇది నాలుగోది. నిజానికి ఇదొక్కటే.

నవంబరు 20, గురువారం

కాలేజీ అవ్వగానే గమ్‌ని కత్తెర అడిగాను.

"ఈసారి ఏం నమిలిస్తావ్?" అంది.

"నాక్కాదు, మా అమ్మకి."

"మా నాన్నదే. ఒక్క గీత పడినా నిన్ను సోఫాలో పెట్టి కుట్టేస్తాడు" అని చెప్పి, తువ్వాలులో చుట్టి ఇచ్చింది.

అమ్మమ్మ చేతి కట్టు మార్పించుకోవడానికి వెళ్ళింది. పెద్దావిడని గూట్లో పెట్టి తలుపు వేశాను. ఆవిడ చూడకుండా ఉంటే బాగుంటుందనిపించింది. తువ్వాలు విప్పి బల్ల మీద పెట్టాను. అమ్మ అదిరిపడింది.

"ఒసేయ్! దీన్ని షాపులోకి ఎందుకు తెచ్చావే? మీ అమ్మమ్మ చూసిందంటే..."

"అమ్మా, ఒక్కసారి. కుడి చేత్తో. పాత దుప్పటేగా."

"నాకు రాదే. ఆ పట్టు కథ నీకు తెలుసుగా."

"పట్టు కాదమ్మా ఇది, దుప్పటి. దీనికెవరూ నవ్వరు."

అమ్మ గుమ్మం వైపు చూసింది. కత్తెర అందుకుంది. సుద్ద గీత కూడా గియ్యలేదు.

కర్‌ర్ మని మొదలైంది. ఆగలేదు. దుప్పటి ఆ చివర దాకా వెళ్ళి, అక్కడ ఒంపు తిరిగి వెనక్కొచ్చింది. అమ్మ దాన్ని ఎత్తి చూసింది. కింద పెట్టింది. ఇంకో దుప్పటి లాగింది. చంక ఒంపు. మెడ ఒంపు. కాలరు. జేబు. అవి అయిపోయాక పాత కర్టెను. ఆ తర్వాత ఇస్త్రీకని మడిచి పెట్టిన నాన్న పాత ప్యాంటు అందుకుంది.

"అమ్మా, అది నాన్న..."

"ఉండవే" అంది అమ్మ. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. నా వయసున్న అమ్మాయి గొంతులా ఉంది.

ప్యాంటు రెండో కాలు మధ్యలో ఉండగా అమ్మమ్మ వచ్చింది.

గుమ్మంలోనే ఆగిపోయింది. పరాయి కత్తెరని చూసింది. కుడి చేతిని చూసింది. నేల నిండా పడి ఉన్న ముక్కల్ని చూసింది. అమ్మ కత్తెర కింద పెట్టేసి, తప్పు చేసి దొరికిన పిల్లలా చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను. అలుగులు, అద్దం, బ్యానరు, గరిటె, చీపురు, చెవులు.

అమ్మమ్మ వంగి ఒక ముక్క తీసి వెలుతురుకి ఎత్తింది. ఒక కన్ను మూసి చూసింది. 'ఊఁ' అనలేదు. ఇంకో ముక్క తీసింది. తర్వాత గమ్ వాళ్ళ కత్తెరని పట్టీ ఉన్న ఎడమ చేతిలోకే తీసుకుని దుప్పటి మీద నొక్కింది. నలిగింది. మళ్ళీ నొక్కింది. నలిగింది.

"ఇదేమిటే, నాకు కత్తిరించడం రావట్లేదు!" అంది.

"అదే అత్తయ్యా, ఆ పట్టుకి జరిగింది కూడా" అన్నాడు నాన్న. డ్యూటీ దిగి ఎప్పుడొచ్చాడో, ఆవిడ వెనకే నిలబడి తన ప్యాంటుకి మిగిలిన ఒంటికాలిని పట్టుకుని చూస్తున్నాడు.

అమ్మమ్మ స్టూలు మీద కూర్చుంది. అమ్మ వైపు తిరిగి అంది.

"అయితే ఆ పట్టు పాడవడంలో నీ తప్పేం లేదన్నమాట."

"లేదేమో అమ్మా."

"మరి ఇన్నేళ్ళు నువ్వెందుకే నవ్వావు?"

"మీరందరూ నవ్వుతున్నారుగా. నేనొక్కదాన్నే ఏడిస్తే బాగుండదని."

అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. అమ్మా తుడుచుకుంది. నాన్న ప్యాంటు ముక్క ఇద్దరికీ సరిపోయింది. అప్పుడు అమ్మమ్మకి నవ్వు మొదలైంది. "గుండీలట! గుండీలు! మా అమ్మ చెప్పింది, నేను నమ్మాను, వచ్చిన వాళ్ళందరికీ చెప్పాను!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. గోడ మీద ఫోటోలో ఆవిడ మాత్రం నవ్వలేదు. కానీ నాకెందుకో, ఆపుకుంటోందనిపించింది.

నవంబరు 21, శుక్రవారం

పోస్టాఫీసావిడ కోటు అమ్మ కత్తిరించింది. మిగతా మడతలు కూడా. అలమారలో ఒక అర ఖాళీ అయింది. అమ్మ కోసం కొత్త కత్తెర వచ్చింది. అమ్మమ్మ దాన్ని పెద్దావిడ పక్కనే పెట్టి, "కోడలొచ్చింది. సర్దుకుపో" అని చెప్పింది.

నవంబరు 23, ఆదివారం

నన్నెవరూ ఏమీ అడగలేదు. అందుకని నేనే అన్నాను. "అమ్మమ్మా, పెద్దావిడ అమ్మకే ఇవ్వు. వరస అమ్మది."

అనడం తేలిక అనుకున్నాను. అన్నాక చెయ్యి ఖాళీగా అనిపించింది. ఎడమ చెయ్యి.

నవంబరు 30, ఆదివారం

ఈ రోజంతా రాయాలి.

పొద్దున్నే అమ్మమ్మ బల్ల పక్కన నిటారుగా నిలబడింది. అమ్మ టేపు తీసింది. నేను కొలతలు రాసుకున్నాను. భుజాల దగ్గర అమ్మ టేపు రెండుసార్లు పెట్టింది. అమ్మమ్మ ఎడమ భుజం కుడిదానికంటే కిందికుంది.

"పెద్దావిడ దయ" అంది అమ్మమ్మ. "మా అమ్మకీ ఇలాగే ఉండేది. నా చొక్కాలన్నీ అటువైపు కాస్త దింపి కత్తిరించుకుంటాను. నీకు తెలియదులే."

"తెలుసమ్మా. కుట్టేది నేనేగా" అంది అమ్మ.

కత్తిరించే సమయానికి చిక్కొచ్చింది. పద్ధతి ప్రకారం పెద్దావిడతోనే కత్తిరించాలి. అమ్మ చేతిలో పెద్దావిడ తెగదు. అమ్మమ్మ ఫోటో వైపు చూసి, "మీరు మీ చేతికి తగ్గది చేయించుకున్నారు. నా కూతురూ తన చేతికి తగ్గదే పట్టుకుంటుంది. మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగింది. కాసేపు ఆగింది. "లేదట" అంది.

అమ్మ కొత్త కత్తెరతో కత్తిరించింది. మధ్యాహ్నానికి కుట్టేసింది. అమ్మమ్మ తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, చేతులు పైకెత్తి, పక్కలకి చాపి, తప్పు దొరకాలని పట్టుబట్టినట్టు వెతికింది. దొరకలేదు.

"అల్లుడూ, ఎలా ఉంది?"

"రెండు చేతులూ మనుషులకే సరిపోతాయి అత్తయ్యా" అన్నాడు నాన్న. ఆ పట్టు కథకి మా ఇంట్లో అదే ఆఖరిసారి అనుకుంటాను.

అమ్మమ్మ పెద్దావిడని రెండు చేతుల మీద పెట్టి అమ్మకి ఇచ్చింది. అమ్మ పుచ్చుకుంది. నిమిరింది. బొటనవేలు ఆనే ఆ వెండి మరక మీద తన వేలు పెట్టి చూసుకుంది. నేను చప్పట్లు కొట్టాను. గట్టిగానే కొట్టాను.

"ఇప్పుడిది నాదేగా?" అంది అమ్మ.

"నీదే."

"నేనెవరికైనా ఇచ్చుకోవచ్చుగా?"

"ఇప్పుడే పుచ్చుకుని ఇప్పుడే ఇచ్చేస్తావా?"

"ఎందుకివ్వను? ఆవిడకీ నాకూ ఎప్పుడూ పడలేదు. పడేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. ఈ ఇంట్లో ఎడమ చేత్తో కత్తిరించగలిగి, మణికట్టు బాగున్న మనిషి ఒక్కతే ఉంది" అని నా వైపు తిరిగింది. "ఏమే, కొలతలు తియ్యి."

అమ్మ కొలతలు తీశాను. ఎప్పుడూ అమ్మ నాకు తీసేది. మెడ చుట్టూ టేపు వేస్తే గిలిగింతలని మెలికలు తిరిగింది. భుజాలు రెండూ సమానంగా ఉన్నాయి, బల్ల అంచులా. కత్తెర మొయ్యని భుజాలు. ఆ మాట పైకి అనలేదు.

పెద్దావిడతో కత్తిరించాను. మెడ ఒంపు దగ్గర ఆగలేదు. చంక ఒంపు దగ్గర గుడ్డనే తిప్పాను. అమ్మమ్మ రెండు "ఊఁ"లు అంది. అమ్మే కుట్టింది. చీకటి పడే వేళకి తొడుక్కుంది.

కుడి చెయ్యి సరిగ్గా సరిపోయింది. ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది.

నాన్న పెదాలు బిగించి కిటికీలోంచి వీధిని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. అమ్మమ్మ భుజాలు కదులుతున్నాయి. ముందు నవ్వింది నేను. నిజంగానే నవ్వొచ్చింది. నాకు నిజంగా నవ్వొచ్చిందా, పైకి నవ్వుతున్నానా అని అమ్మ నన్నే జాగ్రత్తగా చూసింది. వచ్చిందని నమ్మకం కుదిరాక తనూ నవ్వింది.

సరిపోలేదు కాబట్టి పెద్దావిడ నాది కాలేదు. పద్ధతి పద్ధతే.

"మళ్ళీ కత్తిరించు" అంది అమ్మ, ఆ పొట్టి చేతిని కిందికి లాక్కుంటూ. "నాకూ చొక్కాలు తక్కువే. షాపు పనికి నేనున్నాను. నీకేం తొందర? చదువుకుంటూ, కత్తిరించుకుంటూ ఉండు. నేనెక్కడికీ పోవట్లేదు."

ఆ చొక్కా ఇంకా విప్పలేదు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వేసుకునే పక్క గదిలో గిన్నెలు సర్దుతోంది. పోస్టాఫీసావిడ కొత్త కోటు వేసుకుని కృతజ్ఞత చెప్పడానికొచ్చి, "ఇదేమైనా కొత్త ఫ్యాషనా?" అని అడిగింది. "అవునండీ, మా అమ్మాయి కత్తిరింపు" అని చెప్పింది అమ్మ.

ఈ డైరీలో ఒక వాక్యం చాలాసార్లు రాశాను. ఒకసారి దస్తూరీ బాగా రాలేదని తిరగరాశాను కూడా. ఇప్పుడు సరిచేస్తున్నాను. ఎడమ చేత్తో రాస్తున్నాను, వంకరగా వస్తోంది, అయినా కొట్టెయ్యను.

నాకు కత్తెర కావాలి.